షౌకు నుండి సౌదా దాకా

మానవుడు వస్తువులను రెండు కారణాల చేత దాచుకుంటాడు. ఒకటి ప్రీతి, రెండవది ఆశ. ప్రీతితో దాచుకొన్న వస్తువును అప్పుడప్పుడు బయటికి తీసి, నలుగురికీ చూపి, మళ్ళీ భద్రపరచుకుంటాడు. ఆశతో దాచుకొన్న వస్తువును పెట్టెలో పెట్టి తాళం వేసి, దాని ధర ఎంత పెరిగినదో ఇతరులను అడుగుతూ ఉంటాడు. మొదటిదానికి ఉర్దూలో షౌక్ అని పేరు. రెండవదానికి సౌదా అని పేరు. ఈ రెండు మాటలూ మన తెలుగులోనికి వచ్చి స్థిరపడినవే. షౌక్ మన నోట షోకు అయి వేషధారణలోని సొగసుకు పేరైనది. సౌదా మన ఇళ్ళలో అంగడి నుండి తెచ్చే సరుకుకు పేరైనది. భాష ఈ రెండింటినీ వేరు వేరు గదులలో ఉంచినది. మనుషులు మాత్రం ఒక గది తలుపు తీసుకొని తెలియకుండానే రెండవ గదిలోనికి నడుస్తూ ఉంటారు.

అలా నడచిన ఒక దేశ ప్రజల కథను ఈ వ్యాసంలో చెప్పదలచినాము. ఆ దేశం అమెరికా. ఆ వస్తువు అరచేతిలో ఇమిడే ఒక అట్టముక్క. దాని మీద ఒక బేస్‌బాల్ ఆటగాని బొమ్మ ఉంటుంది. పిల్లలు మిఠాయితో పాటు కొనుక్కొనే ఆ బొమ్మను, 1970, 1980 దశకాలలో పెద్దలు బంగారం వలె, వాటాపత్రాల వలె కొని దాచనారంభించారు. తెలుగు బోధించుకొనే మాకు ఈ విషయంతో ఏమి పని అని పాఠకులు అడగవచ్చు. మా విద్యార్థి ఒకరు అడిగిన ప్రశ్న మమ్మల్ని ఇటువైపు నడిపించినది. ఆ ప్రశ్నను దాని స్థానం వచ్చినప్పుడు మనవి చేస్తాము.

మా బాల్యంలో, అనగా 1990 దశకం చివర, బబుల్‌గమ్ పొట్లాలలో క్రికెట్ ఆటగాళ్ల బొమ్మలు వచ్చేవి. నోటుపుస్తకం పుటల నడుమ వాటిని దాచుకొని, బడి విరామ సమయంలో ఇచ్చిపుచ్చుకొనేవారము. రెండు మామూలు బొమ్మలకు ఒక సచిన్ అని, నాలుగు బొమ్మలకు ఒక అజహరుద్దీన్ అని మాలో మాకు కొన్ని మారకపు రేట్లు కూడా ఉండేవి. కాని వాటిని రూపాయలలోనికి మార్చవచ్చునన్న తలంపు మాలో ఎవరికీ రాలేదు. అదే ఇంట్లో మా అబ్బాజాన్ పెట్టెలో నిజాం కాలపు వెండి రూపాయి ఒకటి, చార్మినార్ బొమ్మ గలది, గుడ్డలో చుట్టి ఉండేది. ఆ రూపాయి చలామణి పోయినా దానిలోని వెండి పోలేదు; ఏ కంసాలి దగ్గరికి తీసుకొని పోయినా తూకం వేసి ధర కట్టగలడు. మా క్రికెట్ బొమ్మను తూకం వేస్తే మిగిలేది కాగితం బరువే. ఈ భేదాన్ని పాఠకులు మనసులో ఉంచుకొనవలెనని కోరుతున్నాము.

బేస్‌బాల్ మన క్రికెట్‌కు దూరపు చుట్టం వంటి ఆట. అక్కడా ఒకడు బంతి విసురుతాడు, ఒకడు కర్రతో కొడతాడు, కొట్టినవాడు పరుగెత్తుతాడు. అమెరికాలో 19వ శతాబ్దం రెండవ భాగం నుండి ఆ ఆటకు గొప్ప ప్రజాదరణ ఉన్నది. 1880 దశకంలో సిగరెట్ కంపెనీలు తమ మెత్తని పెట్టెలు నలిగిపోకుండా లోపల ఒక అట్టముక్కను పెట్టేవి. ఖాళీ అట్ట ఎందుకని దాని మీద ఆటగాళ్ల బొమ్మలు, నటీమణుల బొమ్మలు అచ్చువేయించాయి. బొమ్మల వరుస పూర్తి చేయాలన్న కోరికతో కొనేవాడు మళ్ళీ అదే సిగరెట్ కొంటాడన్నది వ్యాపార రహస్యం. కనుక పుట్టుకలోనే ఈ కార్డు ఒక ఎర. కాని ఎరగా పుట్టిన వస్తువును పిల్లలు ఆటవస్తువుగా మార్చుకొన్నారు. తండ్రులు పొగాకు ఉంచుకొని బొమ్మలు ఇచ్చేవారు. దుకాణాల ముందు నిలబడి వచ్చేపోయేవారిని బొమ్మలు అడిగి తీసుకొనే పిల్లలు కూడా ఉండేవారు.

1909 నుండి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ విడుదల చేసిన కార్డుల వరుసలో హోనస్ వాగ్నర్ అనే ఆటగాని బొమ్మ ఒకటి ఉన్నది. ఆయన పిట్స్‌బర్గ్ జట్టు ఆటగాడు. 1936లో బేస్‌బాల్ కీర్తిమందిరానికి ఎన్నికైన మొట్టమొదటి ఐదుగురిలో ఒకరు. తన బొమ్మను పొగాకుతో పాటు అమ్మడానికి ఆయన అంగీకరించకపోవడంతో కంపెనీ కొద్దికాలానికే దాని ముద్రణ నిలిపివేసినది. బొమ్మ కోసం పిల్లలు పొగాకు కొంటారని ఆయన బాధపడ్డారని కొందరు, తగిన ప్రతిఫలం ఇవ్వలేదని అభ్యంతరపెట్టారని కొందరు చెబుతారు. ఆయన స్వయంగా పొగాకు నమిలే అలవాటు గలవారు కనుక ఈ చర్చకు ఇంకను తెరపడలేదు. ఏమైనా, ఒక మనిషి కాదనడం వల్ల ఒక కార్డు అరుదైపోయినది. ఈనాటికి మిగిలినవి అరవై లోపే ఉంటాయని అంచనా. ఆ అరుదుతనాన్ని ఎవరూ కోరి కల్పించలేదన్న సంగతి గమనార్హం.

ఈ కథలో మా హృదయానికి అన్నిటికన్న దగ్గరగా వచ్చిన వ్యక్తి జెఫర్సన్ బర్డిక్. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ నగరంలో విద్యుత్ పరికరాల కర్మాగారంలో పనిచేసిన సామాన్య ఉద్యోగి. కీళ్లవ్యాధి ఆయనను జీవితాంతం పీడించినది. పెండ్లి లేదు, ఆస్తి లేదు. ఆయనకు ఉన్నదల్లా అచ్చు కాగితాల మీది ప్రేమ. 1939లో ఆయన అమెరికాలోని కార్డులన్నిటికీ ఒక జాబితా తయారుచేసి ప్రచురించారు. సేకర్తలు ఈనాటికీ పై కార్డుల వరుసను పిలిచే టీ-206 అన్న పేరు ఆయన పెట్టినదే. కార్డులకు ధర పెట్టిన తొలివారిలో కూడా ఆయన ఒకరు. అయితే ఆ ధరలు ఎంత? చాలా కార్డులకు కొన్ని సెంట్లు. వాగ్నర్ కార్డుకు 50 డాలర్లు. సేకర్తలు ఒకరినొకరు మోసపుచ్చుకొనకుండా ఇచ్చిపుచ్చుకొనడానికి ఆ ధరలు ఒక కొలమానం మాత్రమే.

బర్డిక్ తాను కూడబెట్టిన మూడు లక్షలకు పైగా కాగితపు వస్తువులను, వాటిలో ముప్ఫై వేలకు పైగా బేస్‌బాల్ కార్డులను, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ కళా ప్రదర్శనశాలకు ఉచితంగా ఇచ్చివేశారు. ఇవ్వడమే కాదు, వంకరపోయిన వేళ్లతో అక్కడ బల్ల ముందు కూర్చొని ఏళ్ల తరబడి వాటిని ఆల్బములలో జిగురుతో అంటించారు. 1963 జనవరిలో ఆ పని పూర్తి చేసి, అదే సంవత్సరం మార్చిలో కన్నుమూశారు. జిగురు అంటిన కార్డుకు బజారులో విలువ పడిపోతుందని ఈనాటి వ్యాపారి చెబుతాడు. బర్డిక్‌కు ఆ చింత లేదు. చూడవచ్చినవారికి కార్డులు వరుసగా కనబడాలన్నదే ఆయన కోరిక.

ఇక పొగాకు స్థానంలోనికి చూయింగ్ గమ్ వచ్చినది. 1930 దశకంలో గౌడీ అనే కంపెనీ, రెండవ ప్రపంచయుద్ధం తరువాత బోమన్, టాప్స్ అనే కంపెనీలు గమ్‌తో పాటు కార్డులు అమ్మాయి. 1952లో టాప్స్ కంపెనీ ఉద్యోగి సై బెర్గర్ 407 కార్డుల పెద్ద వరుసను రూపొందించారు. ముందువైపు రంగుల బొమ్మ, వెనుకవైపు ఆటగాని గణాంకాలు, పుట్టిన ఊరు, ఎత్తు, బరువు. ఆ వరుసలో చివరి విడత కార్డులు బేస్‌బాల్ రుతువు ముగియవచ్చిన సమయంలో బజారుకు వచ్చాయి. అప్పటికి పిల్లల దృష్టి మరొక ఆట మీదికి మళ్ళినది. కార్డులు గోదాములో మిగిలిపోయాయి. జాతరలలో పైసాకు పది చొప్పున ఇస్తామన్నా కొనేవారు లేకపోయారని, చివరకు 1960 ప్రాంతంలో వాటిని పడవలో ఎక్కించి అట్లాంటిక్ సముద్రంలో పారవేయించామని బెర్గర్ స్వయంగా చెప్పుకొన్నారు. ఆ విడతలోనే 311వ సంఖ్య గల మికీ మాంటిల్ కార్డు ఉన్నది. దాని సంగతి ముందు చెబుతాము.

సముద్రం మింగినవి కొన్ని. మిగిలినవాటిని పిల్లలు ఏమి చేశారు? గోడకు విసిరి పందెం ఆడారు. రబ్బరుబ్యాండు వేసి జేబులో పెట్టుకొని మూలలు అరగగొట్టారు. సైకిలు చక్రపు పుల్లల నడుమ తగిలించి, మోటారు సైకిలు చప్పుడు వినిపిస్తున్నదని సంబరపడ్డారు. వాళ్లు పెరిగి సైన్యానికో కళాశాలకో వెళ్లిన తరువాత, ఇల్లు సర్దుకొనే తల్లులు అటక మీది పెట్టెలను చెత్తలో పారవేశారు. "మా అమ్మ పారవేయకపోతే నేను లక్షాధికారిని అయ్యేవాణ్ణి" అన్న మాట ఆ తరం అమెరికా పురుషుల నోట ఒక సామెత వలె నిలిచినది. నిజానికి ఆ తల్లులకు వారు కృతజ్ఞత చెప్పవలసి ఉన్నది. అందరి తల్లులూ పారవేయడం వల్లనే మిగిలిన కొన్నింటికి ధర వచ్చినది. ఏ తల్లీ పారవేయకపోయి ఉంటే ఎవరి కార్డుకూ ధర ఉండేది కాదు.

1970 దశకంలో గాలి మారినది. 1950లలో పిల్లలుగా ఉన్నవారు ఇప్పుడు సంపాదనపరులు. పోగొట్టుకొన్న బాల్యాన్ని కొనుక్కొనడానికి వారి చేతిలో డబ్బు ఉన్నది. అమెరికాలో ధరలు వేగంగా పెరిగి డాలరు కొనుగోలు శక్తి తరుగుతున్న కాలం కూడా అదే. బంగారం, తపాలా బిళ్ళలు, పాత నాణెములు, చిత్రపటాలు మొదలైన చేతితో పట్టుకొనదగిన వస్తువుల మీదికి మదుపరుల చూపు మళ్ళినది. హోటళ్ల సభామందిరాలలో కార్డుల సంతలు మొదలయ్యాయి. 1979లో జేమ్స్ బెకెట్ అనే గణాంకశాస్త్ర ఆచార్యుడు డెనిస్ ఎక్స్ అనే విక్రేతతో కలిసి బేస్‌బాల్ కార్డుల ధరల పుస్తకం వెలువరించారు. 1984లో బెకెట్ మాసపత్రికనే ప్రారంభించారు. ధర పెరిగిన కార్డు పక్కన పైకి చూపే బాణం, తగ్గిన కార్డు పక్కన కిందికి చూపే బాణం. వాటాల బజారు పట్టికను చూచినట్లే పన్నెండేళ్ల పిల్లలు ఆ బాణాలను చూడసాగారు.

ఒక్కమాట ఇక్కడ చెప్పవలసి ఉన్నది. ధరల పట్టిక చెడ్డది కాదు. చీకటిలో బేరమాడేవారికి అది దీపం. కాని పట్టికలో అచ్చైన ధరకు ఆ వస్తువును కొనేవాడు తప్పక ఉంటాడని అనుకొనడం వేరు విషయం. మన ఊరి సంతలో ఎద్దు ధర ఎంత అని పదిమందిని అడగవచ్చును. కొనేవాడు పగ్గం చేతపట్టి డబ్బు లెక్కపెట్టినప్పుడే అది ధర అవుతుంది.

అప్పటివరకు టాప్స్ కంపెనీదే దాదాపు ఏకచ్ఛత్రాధిపత్యం. 1980లో ఫిలడెల్ఫియాలోని న్యాయస్థానం ఆ ఆధిపత్యం చెల్లదని తీర్పు చెప్పగా, 1981లో ఫ్లీర్, డాన్‌రస్ అనే కంపెనీలు బజారులో ప్రవేశించాయి. పై న్యాయస్థానం ఆ తీర్పును తిరగవేసినా, గమ్ లేకుండా వేరే చిల్లర వస్తువులతో కార్డులు అమ్మే మార్గం ఆ కంపెనీలు కనుగొన్నాయి. 1988లో స్కోర్, 1989లో అప్పర్ డెక్ వచ్చి చేరాయి. ఈ దశకంలోనే ఒక సిద్ధాంతం ప్రబలినది. కొత్త ఆటగాని తొలి కార్డును చౌకగా పెద్దయెత్తున కొని దాచిపెట్టితే, అతడు గొప్పవాడైన నాడు ఆ కార్డులు సొమ్ము కురిపిస్తాయన్నది ఆ సిద్ధాంతం. పొట్లాలు కాదు, పెట్టెలకు పెట్టెలే కొని విప్పకుండా అటకలెక్కించారు. పిల్లవాడి కళాశాల చదువుకు ఇవే పెట్టుబడి అని తండ్రులు నమ్మారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న మన సామెత వారికి తెలియదు. ఇరవై ఏళ్ల యువకుడు ఇంకా సరిగా ఆట మొదలుపెట్టకముందే అతని కీర్తిమందిర ప్రవేశానికి వెల కట్టారు.

ఈ తొలి కార్డు సిద్ధాంతం ఎంత నిలకడలేనిదో చూడండి. మికీ మాంటిల్ అసలైన తొలి కార్డు 1951లో బోమన్ కంపెనీ వేసినది. కాని బజారు దానికన్న 1952 నాటి టాప్స్ కార్డునే ఎన్నో రెట్లు ఎక్కువ ఆదరించినది. ఆ 311వ కార్డును ఆ విడతలోని ఇతర కార్డులకన్న రెండింతలు అచ్చువేశారు కూడాను. అనగా అది తొలిదీ కాదు, తన వరుసలో అన్నిటికన్న అరుదైనదీ కాదు. అయినా దానికే కిరీటం. 1986లో అలన్ రోసెన్ అనే వ్యాపారి మసాచుసెట్స్ రాష్ట్రంలోని క్విన్సీ ప్రాంతంలో ఒక ఇంట దాగి ఉన్న ఐదువేలకు పైగా 1952 నాటి కార్డులను కొన్నారు. వాటిలోని ఒక మాంటిల్ కార్డును 1991లో 50,000 డాలర్లకు అమ్మారు. అదే కార్డు 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకు వేలంలో అమ్ముడుపోయినది. మా వాణిజ్యశాస్త్ర మిత్రుని చేత లెక్క వేయించగా, 31 ఏళ్లపాటు ఏడాదికి సుమారు 19.5 శాతం చక్రవడ్డీ వచ్చినట్లు తేలినది. ఇటువంటి ఒక్క లెక్క చాలు, పదివేల మందికి నిద్ర పట్టకుండా చేయడానికి.

ధర మనిషి మనసును ఎట్లా పట్టి ఆడిస్తుందో చెప్పే ముచ్చట ఒకటి ఉన్నది. 1990లో చికాగో నగర సమీపాన అడిసన్ అనే ఊళ్ళో పన్నెండేళ్ల బాలుడు ఒక దుకాణంలో నోలన్ రయన్ అనే ఆటగాని 1968 నాటి కార్డును కొన్నాడు. చీటీ మీది 1200 అన్న అంకెను అనుభవం లేని గుమాస్తా 12 డాలర్లని చదివి, ఆ ధరకే ఇచ్చివేసినది. యజమాని న్యాయస్థానానికి వెళ్లాడు. పొరపాటున జరిగిన అమ్మకం చెల్లుతుందా అన్న ప్రశ్న మీద దేశమంతా వాదించుకొన్నది. చివరకు ఇరుపక్షాలూ రాజీపడి కార్డును వేలం వేయించి వచ్చిన సొమ్మును ధర్మకార్యాలకు ఇచ్చారు. 12 డాలర్లా, 1200 డాలర్లా అన్న ఈ వ్యాజ్యంలో ఇరుపక్షాలవారూ ఒక్క విషయం అడగలేదు. ఆ బొమ్మను చూచి ఎవరు సంతోషించారు అన్నదే ఆ విషయం.

వాగ్నర్ కార్డు ప్రయాణం ఇంకా విచిత్రం. వాటన్నిటిలో మేలైనదని పేరుపడిన ఒక ప్రతి 1985లో 25,000 డాలర్లకు బిల్ మాస్ట్రో అనే వ్యాపారి చేతికి వచ్చినది. 1987లో ఆయన దానిని 1,10,000 డాలర్లకు అమ్మారు. 1991లో సదబీ వేలంలో ఐస్ హాకీ వీరుడు వేన్ గ్రెట్‌స్కీ, బ్రూస్ మెక్‌నాల్ కలిసి 4,51,000 డాలర్లకు కొన్నారు. 2007 నాటికి దాని ధర 28 లక్షల డాలర్లు. కార్డుల స్థితిని పరీక్షించి పదింటికి మార్కులు వేసే సంస్థ ఒకటి 1991లో స్థాపితమైనప్పుడు, అది మొట్టమొదట మార్కులు వేసినది ఈ కార్డుకే. ఎనిమిది మార్కులు ఇచ్చినది. 2013లో మాస్ట్రో ఒక మోసం కేసులో నేరం ఒప్పుకొంటూ, ఆ కార్డు అంచులను తానే కత్తిరించి చక్కదిద్దినట్లు న్యాయస్థానంలో అంగీకరించారు. కత్తిరించిన కార్డుకు మార్కులు వేయరాదన్నది ఆ రంగంలో నియమం. పునాదిరాయే వంకరగా పడినదన్నమాట. తాడిని తన్నేవాడు ఒకడుంటే, వాని తలను తన్నేవాడు మరొకడుంటాడని మన పెద్దలు ఊరకే అనలేదు.

ఇక ముగింపుకు వద్దాము. అందరూ కొని దాచుతున్నారని కంపెనీలకు తెలిసినది. తెలిసిన తరువాత అవి ఏమి చేస్తాయి? అచ్చు యంత్రాలను ఆపకుండా నడిపాయి. 1980 దశకం చివర, 1990 దశకం మొదట కోట్లకు కోట్లుగా కార్డులు వెలువడ్డాయి. గమ్ మరకలు పడితే కార్డు ధర తగ్గుతున్నదని 1992లో టాప్స్ కంపెనీ పొట్లంలో గమ్ పెట్టడమే మానివేసినది. పిల్లవాడికి మిఠాయి పోయినది, మదుపరికి మరక పోయినది. ఆ వస్తువు ఇప్పుడు ఎవరి కోసం తయారవుతున్నదో చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు. 1994 ఆగస్టు 12న ఆటగాళ్లు సమ్మెకు దిగారు. 1904 తరువాత మొదటిసారిగా ఆ ఏడు ఛాంపియన్‌షిప్ పోటీలే రద్దయ్యాయి. అభిమానుల మనసు విరిగినది. అప్పటికే తరుగుతున్న ధరలు మరింత కుంగాయి, దుకాణాలు మూతపడ్డాయి. మైనపు కాగితపు పొట్లాలలో వచ్చిన ఆ కార్డుల కాలాన్ని సేకర్తలు ఇప్పుడు మైనపు చెత్త యుగం అని పిలుస్తున్నారు. ముప్ఫై అయిదేళ్ల కింద అటకెక్కించిన పెట్టెలు అనేకం ఇంచుమించు ఆనాటి ధరకే దొరుకుతాయి. 1988లో 1 డాలరుకు వచ్చిన వస్తువులకు 2023లో రెండున్నర డాలర్లకు పైగా ఇవ్వవలసి వచ్చినదని గుర్తుంచుకొంటే, ధర నిలిచినా మదుపరి సొమ్ము సగానికి పైగా కరిగినదని తెలుస్తుంది.

వారి తర్కంలో లోపం ఎక్కడ ఉన్నది? పాత కార్డులకు ధర వచ్చినది కనుక కొత్త కార్డులు పాతబడితే వాటికీ ధర వస్తుందని వారు అనుకొన్నారు. కాని పాతవాటికి ధర తెచ్చినది వయసు కాదు. సైకిలు చక్రాలు, చెత్తబుట్టలు, సముద్రం, తల్లుల చీపుళ్లు తెచ్చాయి. ఎవరూ దాచలేదు కనుక అవి అరుదయ్యాయి. ఇప్పుడు అందరూ దాచారు కనుక ఏదీ అరుదు కాలేదు. అరుదు కావాలని అందరూ కలిసి దాచిన వస్తువు ఎన్నటికీ అరుదు కాజాలదు. నలుగురితో నారాయణ అన్న నీతి ప్రార్థనకు పనికివస్తుందేమో గాని పెట్టుబడికి పనికిరాదు.

ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్న. 2022లో వాణిజ్యశాస్త్రం రెండవ సంవత్సరం చదువుతున్న ఒక కుర్రవాడు మా వద్దకు వచ్చాడు. తండ్రి ఆటో నడుపుతాడు. ఉపకారవేతనంగా వచ్చిన సొమ్ములో కొంత పెట్టి అతడు ఫోనులో క్రికెట్ ఆటగాని డిజిటల్ కార్డు ఒకటి కొన్నాడు. అది కాగితం కూడా కాదు. తెర మీది బొమ్మ. ఇటువంటివి కొన్ని వందలే జారీ అయ్యాయని అతనికి చెప్పారు. కొన్ని నెలలకు అమ్మబోతే కొనేవాడు లేడు. పరీక్ష ఫీజు గడువు దగ్గరపడినది. అతడు ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. "సార్, నా దగ్గర ఉన్నది అరుదైనదే కదా. అరుదైనదానికి ధర ఉండాలని ఆర్థికశాస్త్రంలో చదివాము. మరి కొనేవాడు ఎందుకు లేడు?" అని మాత్రం అడిగాడు.

అడిగిన తీరు మాకు ఎంతో నచ్చినది. పరీక్ష ఫీజు సంగతి మేమూ సహాధ్యాపకులూ కలిసి చూచుకొన్నాము. ప్రశ్నకు సమాధానం వెదకుతూ ఈ అమెరికా చరిత్రలోనికి వెళ్లాము. మాకు దొరికిన సమాధానం ఇది. అరుదుతనం ఒక్కటే ధరను పుట్టించదు. మన చేతి రాతలో ఉన్న ఉత్తరం ప్రపంచంలో ఒక్కటే ఉంటుంది. దానికి ధర లేదు. అరుదుతనానికి ఆదరణ తోడు కావాలి. ఆ ఆదరణ బాల్యంలో చేతులతో తాకి, పోగొట్టుకొని, ఏళ్ల తరబడి తలచుకొన్నవారి హృదయంలో పుడుతుంది. వాగ్నర్ కార్డుకు, మాంటిల్ కార్డుకు వెనుక లక్షలమంది బాల్యం ఉన్నది. తెర మీది బొమ్మను కొన్నవారందరూ అమ్మడానికే కొన్నారు. అందరూ అమ్మేవారే అయిన సంతలో కొనేవాడు ఎక్కడి నుండి వస్తాడు?

అయితే లాభపడినవారు లేరా అని అడిగేవారుంటారు. ఉన్నారు. 2020, 2021 సంవత్సరాలలో కరోనా వ్యాధి వల్ల అందరూ ఇళ్లలో ఉన్న సమయంలో కార్డుల ధరలు మళ్ళీ పైకి లేచాయి. 2021లో ఒక దుకాణం బయట కార్డుల కోసం కొట్లాట జరగగా, ఒక పెద్ద వ్యాపారసంస్థ కొంతకాలం వాటి అమ్మకమే నిలిపివేసినది. లాభపడినవారి పేర్లు పత్రికలకెక్కుతాయి. అటక మీద పెట్టెలు మిగిలినవారి పేర్లు ఏ పత్రికా వేయదు. ఒక మాంటిల్ కార్డు కథ విన్న చెవులకు లక్ష చిత్తు కార్డుల మౌనం వినిపించదు. తీర్పు చెప్పేముందు ఆ మౌనాన్ని కూడా లెక్కలో వేసుకొనడం చదువుకొన్నవాని కర్తవ్యం.

విద్యార్థి మిత్రులారా! మీరు బొమ్మలు పోగుచేయవద్దని మేము అనడం లేదు. నాణెములు, తపాలా బిళ్ళలు, పాత పత్రికలు, సినిమా పాటల పుస్తకాలు, ఏవైనా సరే పోగుచేయండి. వాటి వల్ల చరిత్ర తెలుస్తుంది, స్నేహాలు కలుగుతాయి, చూపు పదునెక్కుతుంది. పెట్టుబడి పెట్టవద్దని కూడా అనడం లేదు. పెట్టేముందు మూడు ప్రశ్నలు వేసుకొనండి. ఈ వస్తువు నా చేతిలో ఉండగా ఏమైనా పండిస్తుందా? అమ్మదలచిన రోజున దీనిని తన కోసమే కోరి కొనేవాడు ఎవడు? రేపు దీనిని ఇంకా ఎక్కువగా అచ్చువేయకుండా ఎవరు ఆపగలరు? ఈ మూడింటికీ జవాబు దొరకనప్పుడు అది షౌకు అని ఒప్పుకొని, షౌకుకు తగినంత సొమ్మే ఖర్చు పెట్టండి. పరీక్ష ఫీజును, ఇంటి బియ్యం డబ్బును దాని జోలికి పోనివ్వకండి.

మా కళాశాల పాలకవర్గం వారికి కూడా ఒక మనవి. గ్రంథాలయంలో మూలన ఒక గాజు బీరువా కేటాయించితే, మన విద్యార్థుల ఇళ్లలో ఉన్న పాత నాణెములను, ఉర్దూ తెలుగు కరపత్రాలను, అగ్గిపెట్టె బొమ్మలను, గోడపత్రికలను తెచ్చి అమర్చుకొనవచ్చును. వాటికి ధర చీటీలు అక్కరలేదు. బర్డిక్ అంటించిన ఆల్బములు ఈనాటికీ న్యూయార్క్ ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నాయి. వాటిలో వాగ్నర్ కార్డు కూడా ఉన్నది. దానిని ఎవరూ కొనలేరు, ఎవరూ అమ్మలేరు. చూడదలచినవారు వెళ్లి చూడవచ్చును.